సరోజ మీద నేను వేసిన మైల

ఎన్నో ఏండ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చోనుంది. దించుదామని ఎన్నోసార్లు అనుకున్నా. దించలేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, దేవుడి ముందర నిలబడి కూడా అటూ ఇటూ చుట్టి వేరే మాటలే చెప్పుకున్నా. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువనిపిస్తా ఉంది. పిరికితనమే, ఒప్పుకుంటా.

వినడానికి సంగతి చిన్నదే. ఒక ఇంట్లో కంప్యూటరు చెడింది. చెడగొట్టింది నేను. వేరే పిల్ల చెడగొట్టిందని అందరి ముందరా చెప్పినా. ఆ పిల్లను సరోజ అందాం, అసలు పేరు వద్దు. తర్వాత ఆ కంప్యూటరును నేనే బాగు చేసినా, ఎవరికీ తెలీకుండా. నేను బాగు చేయబట్టే ఆ పిల్ల బతుకు ఇంకొక దారి పట్టింది. అదెట్లనో నిదానంగా చెప్పనీయండి. ఆ రోజులు నాకు ఎప్పుడూ కలలో వచ్చినట్టే వస్తాయి, ముందుదీ వెనకదీ కలిసిపోయి. ఒక వరసలో పెట్టడం ఇదే మొదలు.

ఎనభైల ఆఖర్లో మాట. ఆదోనిలో మా మామ ఇల్లు. మామంటే మా అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి రిటైరై, ఆదోనికొచ్చి పంచాంగం లెక్కలూ జాతకాలూ చూసుకుంటా ఉండేవాడు. అత్త అప్పటికే పోయింది. ఇంట్లో పెత్తనమంతా అవ్వది, మామకూ మా అమ్మకూ తల్లి. మా నాయన మంత్రాలయంలో పౌరోహిత్యం చేసేవాడు. డిగ్రీ చదవడానికని నేను మామింటికి వచ్చి, డిగ్రీ అయిపోయినాక కూడా ఆడనే ఉండిపోయినా. అవ్వకు చేయి సాయం అని పేరు. నిజానికి నన్ను ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు.

మామ కొడుకు, నాకు బావ, బెంగళూర్లో ఇంజినీరు. ఒకసారి వచ్చేటప్పుడు కంప్యూటరును బొంతలో చుట్టి రైల్లో తెచ్చినాడు. పసిబిడ్డను దించినట్టు దించినాడు. నువ్వు పూటంతా కూర్చుని వేసే జాతకం ఇది కాఫీ చల్లారేలోగా వేస్తాది నాయనా అన్నాడు. మామ నమ్మలేదు. బావ దాంట్లో లెక్కలన్నీ ఎక్కించి, పుట్టిన తేదీ, వేళ, ఊరు కొట్టి చూపించినాడు. ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో నల్లటి తెర మీద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేసింది. మామ కాగితం మీద తన లెక్క తాను వేసుకుని, రెండూ సరిపోయినాక, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొన్నాళ్ళకే కోడుమూరు నుంచి, పత్తికొండ నుంచి జనం రావడం మొదలైంది, కంప్యూటర్ జాతకం కావాలని.

అవ్వ ఆ మిషనును చూసినరోజే ఒక కట్టు పెట్టింది. గ్రహాల లెక్క చేసే వస్తువు కాబట్టి అది దేవుడి గది పక్క గదిలోనే ఉండాల. స్నానం చేయకుండా ముట్టుకోకూడదు. బయట చేరిన ఆడవాళ్ళు ఆ మూడు దినాలూ దాని నీడ కూడా తొక్కకూడదు. ముట్టుకుంటే గ్రహాలకు మైల, లెక్క తప్పుతాది. బావ పకపకా నవ్వినాడు. మామ నవ్వలేదు, అట్లని కాదనలేదు కూడా. ఆ కంప్యూటరుకు మొదటి పొద్దే కుంకుమబొట్టు పెట్టినారు, తెర పైభాగాన, సరిగ్గా మధ్యలో.

మీటలు కొట్టడానికి మామ చేయి సాగలేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని పొడిచేవాడు. అందుకని ఎమ్మిగనూర్లో తన దగ్గర చదువుకున్న సరోజను పిలిపించినాడు. నేతగాళ్ళ పిల్ల. టైపు పరీక్షలన్నీ పాసై ఇంట్లో ఉండింది. పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేది. నాకంటే కొంచెం చిన్నది, నన్ను అక్కా అనేది. ఎంత వేగంగా కొట్టేదంటే, మామ నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే తెర మీదికి వచ్చేసేది. కొట్టేటప్పుడు వేళ్ళ వంక చూసేది కాదు, కిటికీలోకి చూసేది.

అవ్వ ఆ పిల్లకు అంటీ అంటనట్టు మజ్జిగ పోసేది. సరోజ ఏమీ అనుకునేది కాదు. తన రోజులు వచ్చినప్పుడు తానే ముందుగా చెప్పి రావడం మానేసేది. నేనైతే ఇన్ని కట్లు ఉన్న ఇంట్లో ఒక్కపూట ఉండను అనుకునేదాన్ని, ఆ ఇంట్లోనే ఉంటా.

సరోజకు ఆ పని ఎందుకంత అవసరమో చెప్పాల మీకు. వాళ్ళ ఇంట్లో మేనమామకు ఇద్దామని చూస్తా ఉన్నారు. భార్య చచ్చిపోయినోడు, ఇద్దరు పిల్లలు, వయసులో చానా పెద్దోడు. పని చేస్తున్నన్నాళ్ళూ పెళ్ళి మాట ఎత్తనని వాళ్ళ నాయన మాటిచ్చినాడు. దానికి తోడు, బావ ఆ పిల్ల వేగం చూసి, మాఘంలో మా ఆఫీసులో మనుషుల్ని తీసుకుంటారు, నిన్ను బెంగళూరు పిలిపిస్తా అని చెప్పినాడు. వర్కింగ్ ఉమెన్స్ హాస్టలు కూడా ఉందన్నాడు. ఆ పొద్దు నుంచి సరోజ నాతో బెంగళూరు మాట తప్ప ఇంకొకటి మాట్లాడేది కాదు. ఆడ చలి ఎక్కువంట కదా అక్కా, స్వెట్టరు యాడ దొరుకుతాది అక్కా. నాకు కుళ్ళు పుట్టిందా? పుట్టే ఉంటాది. అప్పుడు పుట్టలేదనుకున్నా. ఇన్నేండ్లుగా తవ్వి చూసుకుంటే అడుగున అదే ఉందేమోనని అనుమానంగా ఉంది.

ఇంక నా సంగతి. నాకు మధ్యాహ్నాలంటే ప్రాణం. కార్తీకం, పత్తి సీజను. మిల్లుల నుంచి దూది పింజలు ఊరంతా తేలుతా వచ్చి కిటికీ కమ్ముల మీద వాలేవి. భోజనాలైనాక అవ్వ చాప మీద నడుం వాల్చేది, మామ వాలుకుర్చీలో గురకపెట్టేవాడు, సరోజ పంచలో స్తంభానికి ఆనుకుని కునికేది. ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టు ఉండేది. ఆ వేళ నేను పిల్లిమాదిరి నడిచి ఆ గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, మిషను పెట్టేదాన్ని. అది సన్నగా గుయ్యిమనేది. ఆకుపచ్చ వెలుతురు నా చేతుల మీద పడేది. నేను ఈడ లేను, యాడనో ఉన్నాననిపించేది. అట్లాంటి సుఖం నాకు మళ్ళీ దొరకలేదు, చెప్పొద్దూ.

ఊర్లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో చేరిన నా స్నేహితురాలొకతె ఒక ఆట ఉన్న ఫ్లాపీ ఇచ్చింది. గుంతలు తవ్వుకుంటా పోయే ఆట. మరుసటి పొద్దే తిరిగి ఇయ్యాల. ఫ్లాపీ అంటే మీలో చిన్నవాళ్ళకు తెలీదేమో, నల్లటి పలచటి అట్టలాంటిది, మిషను నోట్లో పెడితే అది చదువుకుంటాది. మా మిషనుకు లోపల దాచుకునే చోటు లేదు, అన్నీ ఫ్లాపీల్లోనే. ఆ ఫ్లాపీ అంచున ఒక చిన్న గాటు ఉంటాది. గాటు మీద స్టిక్కరు అతికిస్తే దాంట్లో ఉన్నది చదవొచ్చుగాని, కొత్తగా ఏదీ దాంట్లోకి ఎక్కదు. మిషనును లేపే ఫ్లాపీకి బావ తన చేత్తో స్టిక్కరు వేసి, దీన్ని మాత్రం ఎవరూ పీకొద్దు అని నాకూ సరోజకూ మరీ మరీ చెప్పి పోయినాడు.

నేను పీకినా. ఆ ఆటను మా ఫ్లాపీలోకి ఎక్కించుకుంటే నా దగ్గరే ఉంటాది కదా అని. ఎక్కించి, స్టిక్కరు మళ్ళీ అతికించి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ పెట్టినా.

ఇంకొకటి కూడా ఉంది. ఇది చెప్పడానికి ఇంతసేపూ తప్పించుకుంటా వచ్చినా. ఆ మధ్యాహ్నం నేను బయట ఉన్నా. చెప్తే వెనక కొట్టం పక్క చీకటి గదిలో చాపా చెంబూ ఇచ్చి కూర్చోబెడతారు. నేను దాచింది ఆట ఆడుకోవడానికి కాదు. ఆ గదంటే నాకు చచ్చేంత విసుగు. అందుకని చెప్పలేదు. అవ్వకు నా లెక్క తెలుసు, ఈ నెల ఇంకా కాలేదేమే అని అడిగింది కూడా. లేదవ్వా అన్నా. ఆ అబద్ధం నాకు తప్పనిపించలేదు, ఈపొద్దుకీ అనిపించదు. మైల ఉందని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మనిదాన్ని, అదే మైలను ఇంకొకరి మీద ఎట్ల వేసినానో, దాన్నే నేను అర్థం చేసుకోలేకపోతా ఉన్నా.

మరుసటి పొద్దున పత్తికొండ నుంచి ఒక పెండ్లికూతురి తల్లీ తండ్రీ వచ్చినారు, పొంతన చూపించుకోడానికి. మామ చెప్తా ఉంటే సరోజ కొడతా ఉంది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గడప దగ్గర నిలబడినా. జాతకం తెర నిండా వచ్చింది. వచ్చినాక, ఒక్క అక్షరం కదిలింది. ఉన్నచోటు నుంచి జారి, మెల్లగా కిందికి పడింది. దాని పక్కది పడింది. ఇంకొకటి, ఇంకొకటి. వేపపూత రాలినట్టు ఆకుపచ్చ అక్షరాలన్నీ రాలి తెర అడుగున కుప్ప పడతా ఉన్నాయి. సద్దు లేదు. నిజం చెప్పాలంటే అంత అందమైన దాన్ని నేను అంతవరకూ చూడలేదు. సరోజ రెండు చేతులూ పైకెత్తేసి, "సార్, నేనేం ముట్టుకోలేదు సార్, అవే రాల్తాండాయి" అనింది. మొహంలో భయం లేదు, పండగ చూసినట్టు ఉంది.

పెండ్లికూతురి తల్లి లేచి నిలబడింది. మా బిడ్డ గ్రహాలు రాలిపోయినాయి స్వామీ అని గొల్లుమంది. వాళ్ళను సముదాయించి పంపేసరికి మామకు చెమటలు పట్టినాయి. ఆర్పి మళ్ళీ పెట్టినారు. కొంచెంసేపు బాగుండి మళ్ళీ రాలినాయి.

అవ్వ వచ్చి గది బయటే నిలబడింది. ఎవురో ముట్టకూడని దినాల్లో ముట్టినారు అనింది. సరోజ వైపు తిరిగింది. సరోజ నెమ్మదిగానే చెప్పింది, పోయిన వారమే కదవ్వా నేను రాకుండా ఉన్నిండేది అని. అవ్వకు అది గుర్తుంది. కాదనలేకపోయింది. మెల్లగా నా వైపు తిరిగింది.

ఆ చూపు నాకు ఇప్పటికీ కనపడుతుంది. తప్పు పట్టే చూపు కాదు, లెక్క వేసే చూపు. బయట ఉండి దేవుడి గది పక్కకు పోయినానని తెలిస్తే, మంత్రాలయంలో మా నాయన చెవిన పడితే, ఈ ఇంట్లోంచి పంపేస్తే? ఇవన్నీ అప్పుడు అనుకున్నానా? లేదు. అనుకునేంత టైము యాడిది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పొద్దున సరోజ బావి కాడ చీర కుచ్చెళ్ళు ఉతుక్కుంటా ఉంటే చూసినా అవ్వా," అన్నా.

అది నిజం. ఉతుక్కుంది. బస్సులో టిఫిను డబ్బా ఒరిగి ఊరగాయ నూనె కారింది. సబ్బుముక్క ఇచ్చింది నేనే.

సరోజ నా వంక తిరిగి నవ్వబోయింది, నేను తమాషా చేస్తా ఉన్నాననుకుని. "అది ఊరగాయ నూనె కదక్కా. నువ్వే కదా సబ్బిస్తివి. సెప్పక్కా అవ్వకు."

"నూనో ఏమో నాకేం తెలుసు. ఎర్రగా ఉండె."

"అక్కా, నిజంగా సూసినావా?"

"చూసినా."

అంతే. ఆ ఒక్క మాట. సరోజ తల దించుకుని తన కుచ్చెళ్ళ వంక చూసుకుంది, మరక ఇంకా ఉందేమోనని. అవ్వ అరవలేదు, తిట్టలేదు. రేపట్నుంచి రావద్దులేమ్మా అనింది, అంతే మెల్లగా. మామ మాత్రం, ఆ పిల్ల అట్లాంటిది కాదమ్మా అని సగం మాట అని, వాళ్ళమ్మ మొహం చూసి, మిగతా సగం మింగేసినాడు. పంచలో పెట్టుకున్న డబ్బా తీసుకుని సరోజ మధ్యాహ్నం బస్సుకే ఎమ్మిగనూరు పోయింది. నేను వాకిలి దాకా కూడా పోలేదు.

ఈడికైనా ఆగి ఉంటే ఒక తీరు. ఆగలేదు.

మామ నన్ను పోస్టాఫీసుకు పంపినాడు, బావకు ట్రంకాల్ చేసి అడగమని. చానాసేపటికి లైను కలిసింది. అక్షరాలు రాల్తా ఉన్నాయి బావా అంటే, బావ గట్టిగా నవ్వినాడు. అది వైరస్సు, ఎవరో తుంటరి రాసి వదిలిన ప్రోగ్రాము, ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి ఎక్కుతాది, బెంగళూర్లో కూడా వచ్చింది అన్నాడు. బయట ఫ్లాపీ ఏమన్నా పెట్టినారా అని అడిగినాడు. నాకు తెలీదు బావా అన్నా. సరేలే, నాయనకు చెప్పు, ఇది ఎవరి తప్పూ కాదు, కంగారు పడొద్దను అన్నాడు. తెలిసినాయన బొంబాయి రైల్లో పోతా ఉన్నాడు, ఆయన చేతికి కొత్త ఫ్లాపీలు ఇచ్చి పంపుతా, నువ్వు స్టేషనుకు పోయి తీసుకో అని చెప్పి, ఏం చేయాలో వివరంగా చెప్పినాడు.

పోస్టాఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆ మాట నా నోట్లో ఉంది. ఎవరి తప్పూ కాదు. ఎంత సులువు. నా పేరు కూడా రాదు. అవ్వా, బావ చెప్పినాడు, ఇది మైల కాదంట, సరోజను పిలిపిద్దాం. అంతే కదా అనాల్సింది? అట్లంటే, మరి నువ్వు చూసినానంటివి కదే అని అడుగుతారు. ఇంటికి వచ్చి, బావ వచ్చినప్పుడు చూస్తానన్నాడు మామా అని చెప్పినా.

ఫ్లాపీలు వచ్చిన పొద్దే ఇంట్లో పుణ్యాహవాచనం. పురోహితుడు కలశం పెట్టి మంత్రాలు చదివినాడు. అవ్వ మామిడాకుతో నీళ్ళు చల్లుతా మిషను దగ్గరికి వస్తే, మామ పరిగెత్తుకొచ్చి "మీటల మీద కాదమ్మా, బల్ల మీద, బల్ల మీద" అని చేయి అడ్డం పెట్టినాడు. ఇంకొకప్పుడైతే నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. సాంబ్రాణి పొగలో ఆ తెర, దాని మీద కుంకుమబొట్టు, ఎవరిదో మొహం మాదిరి నన్నే చూస్తా ఉండింది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గదిలోకి పోయినా. బావ చెప్పింది చెప్పినట్టు చేసినా. మిషను పూర్తిగా ఆర్పి, కొంచెంసేపు ఊరికే ఉండి, స్టిక్కరు వేసిన కొత్త ఫ్లాపీతో లేపినా. పాతవి ఒక్కొక్కటే పెట్టి, చెడినదాన్నంతా తుడిచేసి, బావ పంపిన మంచివి వాటి చోట ఎక్కించినా. చెడిన ఫ్లాపీ ఒక్కటి మిగిలినా మొత్తం మళ్ళీ అంటుకుంటాదని బావ చెప్పినాడు, అందుకని మామ బీరువాలో అడుగున ఉన్నవి కూడా వదల్లేదు. నా ఆట పోయింది. దూదిపింజ ఒకటి వచ్చి తెర మీద వాలితే ఊదేసినా. అంత శ్రద్ధగా, అంత శుభ్రంగా ఏ పనీ చేయలేదు నేను అంతవరకూ. చేస్తా ఉన్నంతసేపూ, దీంతో అంతా సరిపోతాది అనే అనుకున్నా. మిషను బాగైతే సరోజ తిరిగి వస్తాది అనుకున్నా. ఎంత తెలివితక్కువదాన్ని!

సాయంత్రం మామ దీపం పెట్టి, మిషను పెట్టినాడు. జాతకం వచ్చింది. అందరం చూస్తా ఉన్నాం. అక్షరాలు కదల్లేదు. రాత్రి భోజనాలదాకా అట్లనే నిలబడినాయి. అవ్వ రెండు చేతులూ జోడించింది. "సూస్తిరా? ఆ పిల్ల పోయింది, మైల పోయింది. నేను సెప్తే నమ్మకపోతిరి కదా," అనింది. మామ లెక్కల అయ్యవారు. కండ్ల ముందర రుజువు కనపడినాక ఆయన మాత్రం ఏమంటాడు?

ఆ రుజువు నా చేత్తో నేను చేసింది. నేను ఊరికే ఉండి ఉంటే అక్షరాలు రాల్తానే ఉండేవి, సరోజ లేకపోయినా రాల్తా ఉన్నాయే అని అవ్వ కూడా అనుకునేది. అది నాకు ఆ రాత్రి పడుకున్నాక తెలిసింది. లేచి కూర్చున్నా. మళ్ళీ పడుకున్నా.

మాట ఎమ్మిగనూరు దాకా పోయింది. శాస్త్రం పనిని మైలతో ముట్టిందంట అని. వాళ్ళ నాయన ఇచ్చిన మాట పనితోపాటే తీరిపోయింది. మాఘంలో సరోజకు మేనమామతో పెళ్ళి చేసినారు. బావ వచ్చి అడిగితే, ఆ పిల్ల మానేసింది లేరా అని మామ అన్నాడు, గోడ వంక చూస్తా. అయితే నువ్వు రా అని బావ నన్ను బెంగళూరు తీసుకుపోయినాడు. ఆ హాస్టలు, ఆ ఆఫీసు, ఆ కుర్చీ. చలికి స్వెట్టరు కూడా కొనుక్కున్నా.

ఆఫీసు పని పెట్టించింది బావే అయినా, నాకు పేరొచ్చింది వైరస్సులు తీయడంలో. తర్వాత్తర్వాత ఇండ్లలోకి కంప్యూటర్లు వచ్చినాక, పిలిచిన ఇంటికల్లా పోయి శుభ్రం చేసి బతికినా. వైరస్సులు పోయి గూఢచారి ప్రోగ్రాములు వచ్చినాయి, మనం కొట్టేదంతా యాడికో మోసేవి. వాటినీ తీసినా. ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే మాట. ఎవరు చేసింటారండీ, మా పనిమనిషి కూతురు ముట్టుకునింది, దాని పనేనా? ఎవరూ చేయలేదండీ, దానంతటదే వచ్చింది అని చెప్పేదాన్ని. గట్టిగా చెప్పేదాన్ని, వాళ్ళు నమ్మేదాకా చెప్పేదాన్ని. ఏ ఇంట్లో చెప్పాల్నో ఆ ఇంట్లో తప్ప అన్ని ఇండ్లలోనూ చెప్పినా.

తన పెళ్ళైన ఏడాదికో ఏమో సరోజ నాకు కనపడింది. మంత్రాలయం పోయి మా నాయనను చూసి వస్తా, ఎమ్మిగనూరు బస్టాండులో దిగినా. అక్కా అని వెనక నుంచి పిలిచింది. చంకలో బిడ్డ, వాళ్ళ ఆయన పిల్లలిద్దరూ కొంగు పట్టుకుని ఉన్నారు. నేను తిట్లకు సిద్ధమైనా. తిడితే బాగుండు అనుకున్నా, నిజంగా. సరోజ నా చేయి పట్టుకుంది. ఊర్లో ఒక ఆఫీసుకు కంప్యూటరు వచ్చిందంట, టైపు తెలిసినోళ్ళు లేక తనను పిలిచినారంట, మొగుడు కూడా పొమ్మన్నాడంట. పోలేదంట.

"ఎందుకే?" అన్నా.

"నా సెయ్యి మంచిది కాదేమో అక్కా. నేను నూనే అనుకుంటి. నువ్వు అబద్ధమెందుకు సెప్తావు, నాకే తెలీకుండా అయినానేమో. నేను పోయినాకనే మిషను బాగైందంట కదా." బిడ్డను ఇంకొక చంకకు మార్చుకుని, "సార్‌కు సెప్పక్కా, కావాలని సేయలేదని. శానా బాధపడినానని సెప్పు," అనింది.

ఆదోని బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు అరుస్తా ఉన్నాడు. నా నోట్లో మాట ఉంది. ఒక్క మాట. బస్టాండంతా వినపడేలా అరిచినా సరిపోయేది.

"చెప్తాలే," అన్నా. బస్సెక్కినా.

మామకు చెప్పలేదు. ఆయన పోయినాడు. అవ్వ అంతకుముందే పోయింది. బావకు ఇప్పటికీ తెలీదు. సరోజ ఉందో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే, ఉంటే, పోవాల్సొస్తాది కదా. కాళ్ళు మొక్కితే క్షమిస్తాదేమో, అట్లాంటి పిల్లే. ఆ క్షమాపణ అడిగే అర్హత నాకు లేదని పెద్ద మాటలు చెప్పను. అడగడానికి భయం, అంతే. తనది కాని తప్పును నెత్తిన వేసుకుని, తన చేతినే తాను అనుమానించుకుంటా బతికిన మనిషి ముందర నిలబడాలంటే భయం.

అందుకే మీ ముందర చెప్తా ఉన్నా. ఆ పొద్దు బయట ఉన్నది నేను. స్టిక్కరు పీకింది నేను. చూడనిదాన్ని చూసినానని చెప్పింది నేను. మిషను బాగు చేసి నోరు మూసుకునింది నేను. సరోజ చేయి మంచిది. ఆ చేయి ఏ తప్పూ చేయలేదు.

ఇంతకాలానికి ఈ మాట నా నోటి నుంచి నేనే విన్నా. ఊపిరి కొంచెం ఆడతా ఉంది. వినాల్సిన మనిషి మాత్రం వినలేదు.